చాయ తొణకని చోటు

"మూడు నలభైకి ప్యాసింజరు. గప్పటిదాంక వాడు నీ ముంగట నోరు తెరిస్తే తెరిచినట్టు. లేకుంటే కాజీపేటల మెజిస్ట్రేటు ముంగట తెరుస్తడు" అన్నాడు రైల్వే పోలీసు ఇన్‌స్పెక్టర్ జగపతి.

కేసముద్రం స్టేషన్ వెయిటింగ్ రూములో గడియారం పన్నెండు ఇరవై చూపిస్తోంది. నాకున్నది మూడు గంటల ఇరవై నిమిషాలు.

బల్లకు అవతల, చేతులకు బేడీలతో నేల మీద గొంతుక్కూర్చున్నవాడు ధన్‌సింగ్. పదహారేళ్లుగా రైల్వేలో కీమ్యాన్. అంటే, తెల్లారకముందే సుత్తి భుజాన వేసుకొని తన వంతు ఆరు కిలోమీటర్లు పట్టాల వెంట నడిచి, వదులైన ఇనుప చీలలన్నీ కొట్టి బిగించే మనిషి. మొన్న మంగళవారం, సెప్టెంబరు తొమ్మిది, ఉదయం ఐదు నలభై రెండుకు, నాలుగు వందల ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర గూడ్సు బండి చివరి మూడు డబ్బాలు పట్టా తప్పాయి. అన్నిటికన్నా వెనకుండే గార్డు డబ్బా బోల్తా కొట్టింది. గార్డు వీరేశం అక్కడికక్కడే పోయాడు. ఇరవై ఆరేళ్లవాడు.

చీలలు పీకింది ధన్‌సింగేనని జగపతి కేసు. జూన్‌లో వాణ్ణి గార్లకు బదిలీ చేశారు కాబట్టి ఆ కక్షతో చేశాడట. నాలుగు రోజులుగా కూర్చోబెట్టి, నిన్న అరెస్టు చూపించాడు. నాలుగు రోజుల్లో ధన్‌సింగ్ ఒక్క మాట మాట్లాడలేదు.

కూపీలు తీసి బతికే నన్ను ఈ కేసులో పెట్టుకున్నది ధన్‌సింగ్ తరఫు మనుషులనుకుంటే పొరపాటు. వీరేశం తల్లి సత్యమ్మ. జనగామలో కిరాణా కొట్టు నడుపుకుంటూ కొడుకును చదివించిన మనిషి. మా ఆఫీసు మెట్లెక్కి వచ్చి, ఇచ్చిన నీళ్లు కూడా ముట్టుకోకుండా, "వెంకట్రాం బిడ్డా, నా కొడుకును చంపినోడి మొకం నాకు చూపియ్యి" అంది.

"పోలీసులు పట్టుకున్నరు కద అవ్వా."

"వాడు అవునంటలేడు, కాదంటలేడట. తప్పు మొకాన్ని తిట్టుకుంట బతకాల్నా నేను?"

అందుకే వచ్చాను. ఇప్పుడామె ప్లాట్‌ఫారం చివర సిమెంటు బెంచీ మీద కూర్చొని ఉంది, కొడుకు సామాను మూటను ఒళ్లో పెట్టుకొని.

"ధన్‌సింగ్, ఐతారం నువ్వు ఆ చోట కనబడ్డవ్. కొత్త కీమ్యాన్ పూల్‌సింగ్ చూసిండు. గార్ల నుంచి సెలవు దినాన అంత దూరం ఎందుకొచ్చినవ్?"

వాడు బేడీల గొలుసును వేళ్లతో సర్దుకున్నాడు.

"మనిషి పానం పోయిన కేసు. జన్మంత జైల్ల ఉండాలె. ఎరికేనా?"

తల ఊపాడు. ఎరికేనట.

"ఎవరినన్న కాపాడుతున్నవా?"

తల ఊపలేదు. కానీ కళ్లు ఒక్కసారి గుమ్మం వైపు పోయి వచ్చాయి. గుమ్మంలో, చంకలో చుట్టిన జెండాలతో నిలబడ్డది గ్యాంగు మేస్త్రీ ఎల్లస్వామి. ఆ సెక్షన్‌లో పట్టా పని చేసే గ్యాంగుకు పెద్ద. నేను చూడగానే ముఖం తిప్పుకున్నాడు.

నేను లేవబోతుంటే అప్పుడు మాట్లాడాడు ధన్‌సింగ్.

"సార్, గార్డు సారు చాయ తాగిండా?"

"ఏంది?"

"పోయేముందు. చాయ తాగిండా?"

జగపతి పగలబడి నవ్వాడు. "రాసుకో వెంకట్రాం. నాలుగు దినాలకు బంగారమసొంటి మాట. చంపినోడు చాయ గురించి పరేషాన్ అయితుండు."

నాకు నవ్వు రాలేదు. నేను అడిగినవాటిలో ఒక్కదానికీ నోరు విప్పనివాడు, తనంతట తాను అడిగిన ప్రశ్న అది.

* * *

ఒంటి గంటా ఇరవై ఐదు. నలుగురు మనుషులు తోసే ట్రాలీ మీద నేనూ, ఎల్లస్వామీ, రామ్మోహన్ అనే ఇంజినీరూ ఆ చోటికి చేరుకున్నాం. విచారణ కోసం ఆ పట్టాను మూసి, బండ్లను పక్క పట్టా మీద నడుపుతున్నారు. రామ్మోహన్‌కు ముప్పై ఏళ్లుండవు. కళ్లద్దాలు, ఇస్త్రీ చొక్కా, చేతిలో మడతలు మడతలుగా విచ్చుకునే కంప్యూటరు కాగితాల కట్ట. నాలుగు రోజులుగా నిద్ర పోనట్టుంది ముఖం.

ముందు చీలలు చూశాను. మూడు చీలలు పక్కకు జారి కంకర మీద పడి ఉన్నాయి. సుత్తితో పీకిన ఇనుము మీద దెబ్బ గుర్తు ఉండాలి. ఒక్కదాని మీదా లేదు. ప్రతిదీ ఒక వైపు మాత్రం అరిగి తెల్లగా మెరుస్తోంది. ఎవరూ పీకలేదు. పట్టా కుంగి లేచి కుంగి లేచి, అదురుకు అవే జారి బయటికి వచ్చాయి.

పట్టాలను మోసే అడ్డదూలాల, అంటే స్లీపర్ల, కింద చెయ్యి పెట్టాను. మోచేతి దాకా బురద. గడ్డపారతో తవ్వించాను. పైన రైల్వే కంకర, నిమ్మకాయంత రాళ్లు. వాటి కింద జానెడు మందాన చింతగింజంత రాతి చిప్పలు, బురదలో కలిసిపోయి ఉన్నాయి.

"ఈ చిప్పలు ఎవరు పోసిండ్రు మేస్త్రీ?"

"ఏమో సార్." ఎల్లస్వామి నా వైపు చూడలేదు.

"మీకు గిసొంటివి సప్లై వస్తయా?"

"రావు."

పక్కనే చిన్న కల్వర్టు ఉంది. నా కుడికాలు అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో లాఠీ కింద పడ్డ కాలు. దిగడానికి తంటాలు పడ్డాను. ఎల్లస్వామి సాయానికి రాలేదు. కల్వర్టు దగ్గరికే రాలేదు. కింద, వాన నీళ్లు అందని గట్టు మీద ఒక బండరాయి ఉంది. నడుమ గిన్నెలా గుంట పడేలా అరిగింది. చుట్టూ రాతి పొడి, మడమలోతు. ఎవరో ఇక్కడ కూర్చొని చేత్తో రాళ్లు కొట్టారు. ఒకరోజు, రెండు రోజులు కాదు, ఏళ్లకేళ్లు. కంకరను స్లీపర్ల కింద కుక్కే బీటరు ఒకటి ఇక్కడే దొరికిందని, అదే నేరం చేసిన పనిముట్టని జగపతి పంచనామాలో రాశాడు. ఈ బండను మాత్రం రాయలేదు.

గోడ సందులో తెల్లగా ఏదో కనిపించింది. చిటికెన వేలితో లాగాను. లంబాడి ఆడవాళ్లు మోచేతి పైన తొడుక్కునే తెల్ల గాజు. ఒక్కటే ఉంది. దాన్ని జేబులో వేసుకున్నాను.

పైకి వచ్చి రామ్మోహన్‌ను అడిగాను. "ఈ చోటు గురించి మీ కాగితాలు ఏం చెబుతున్నాయి?"

"సెక్షన్ మొత్తంలో ఇంత గట్టి చోటు లేదని." నవ్వబోయి ఆగిపోయాడు. "సిమ్యులేషన్ అంటారండీ. ఈ లైనంతటినీ అంకెలుగా కంప్యూటర్‌లోకి దింపాం. దాని మీద ఉత్తుత్తి బండ్లు నడిపించాం. పదేళ్ల బండ్లు, పదేళ్ల వానలు, ఒక్క మధ్యాహ్నంలో. ఏ చోటు ఎప్పుడు కుంగుతుందో అదే చెబుతుంది. కుంగే చోటికే మనుషుల్ని పంపాలి. కుంగని చోట ఊరికే కంకర కదిలిస్తే ఖర్చు దండగ, పట్టాకూ చెరుపే. ఖర్చు మూడో వంతు తగ్గింది. ఆ మిగులుతో పాత వంతెనలు బాగు చేయించాలని..."

"ఈ చోటు గట్టిదని దానికెవరు చెప్పారు?"

"గ్యాంగు రిజిస్టర్లు. ఏ చోట ఎన్నిసార్లు పని జరిగిందో వాటి నుంచే తీసుకున్నాం. ఇక్కడ తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా పని జరగలేదు. రెండేళ్లు ముట్టుకోనక్కర్లేదని వచ్చింది. జూన్ ఒకటి నుంచి గ్యాంగును పద్నాలుగు నుంచి ఎనిమిదికి తగ్గించి, కీమ్యాన్లను మార్చాం."

"కల్వర్టు పక్కన, ఒండ్రు మట్టి మీద పట్టా తొమ్మిదేళ్లు కుంగకుండా ఉంటుందా?"

కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కింద బండ ఉందేమో అనుకున్నాను" అన్నాడు.

"చూశారా?"

"అనుకున్నాను."

పాపం, దొంగ కాదు, మోసగాడు కాదు. మంచి చేద్దామని వచ్చిన పిల్లవాడు. నాకు కోపం రావలసిన చోట దిగులు పుట్టింది.

* * *

రెండు నలభై ఐదుకు తిరిగి కేసముద్రం. సత్యమ్మను వెయిటింగ్ రూములోకి పిలిచాను. ధన్‌సింగ్‌ను చూసి ఆమె గుమ్మంలోనే ఆగింది. తర్వాత వచ్చి, వాడికి ఎదురుగా, చూపు తిప్పకుండా కూర్చుంది. వాడు తల దించేశాడు.

"అవ్వా, నీ కొడుకు బండిల చాయ తాగుతుండెనా?"

సత్యమ్మ మూట విప్పింది. పగిలిన ఫ్లాస్కు, దాని మూత, బండి ఏ స్టేషన్ ఎప్పుడు దాటిందో గార్డు రాసుకునే పుస్తకం. "డోర్నకల్ల నింపుకుంటుండె. కానీ ఎంటనే తాగకపోతుండె. గార్డు డబ్బ మనిషిని ఎగరేసి కొడతదట. ఒక్క చోటున్నది అవ్వా, అంటుండె. కేసముద్రం ఇంకో ఆరు కిలోమీటర్లుందనంగ. ఆడ బండి పాల మీద పోయినట్టు పోతదట. మూతల చాయ తొణకదట. ఆడనే తాగుతుండె. ఆడ పట్టా పక్కన ఒక మనిషి నిలవడతడు, ఆయనకు మూత ఎత్తి చూపిస్త, ఆయన చెయ్యి ఊపుతడు అని..."

ధన్‌సింగ్ భుజాలు కదులుతున్నాయి. ఆమె వాడి వైపు చూసింది. ఏం చూసిందో, ఆ చూపులో ఇందాకటి కసి లేదు.

"ఈ మధ్యల గూడ చెప్పిండా?"

"జూన్ నుంచి వాడిని బల్లార్షా దిక్కు ఏసిండ్రు. మళ్ల గా దినమే ఇటు వచ్చుడు."

మూడు నెలల తర్వాత, పాత నమ్మకంతో, పాత చోట మూత విప్పాడు. నేను పుస్తకం తెరిచాను. ఐదు ముప్పై రెండు అని రాసిన చివరి వరుస పక్కన మూత అడుగు అచ్చు పడింది. చెదరని గుండ్రం. దాని మీద చిన్న చాయ చుక్కలు. ఒలికింది ఇంతే అంటే, మూతలో అప్పటికి మిగిలింది రెండు గుక్కలకన్నా ఎక్కువ ఉండదు.

జగపతి గడియారం చూసుకున్నాడు. "మూడాయె. చాయ కచేరి అయిపోయిందా?"

"చీలలు ఎవరూ పీకలే జగపతీ. జారినయి. నీ పంచనామల బీటరు ఉన్నది, బండ లేదు. ఎందుకు లేదు?"

"బండలు లెక్కవెట్టుడు నా డ్యూటీ కాదు. వీడు అలిగిండు, ఐతారం వచ్చిండు, మంగళవారం బండి పడ్డది."

"అరవై తొమ్మిదిల నిన్ను నన్ను ఒకే లాకప్ల ఏసినప్పుడు గిట్లనే రాసిండ్రు. ఆడ ఉన్నరు కాబట్టి బస్సు కాలవెట్టింది వీళ్లే అని. నువ్వు రాత్రంత ఏడ్సినవ్. యాదికున్నదా?"

జగపతి ముఖం ఎర్రబడింది. "బయటికి నడువ్ వెంకట్రాం."

నేను కదలలేదు. జేబులో నుంచి తెల్ల గాజు తీసి బల్ల మీద పెట్టాను.

ధన్‌సింగ్ దాన్ని చూసి కళ్లు మూసుకున్నాడు. కూలిపోయింది మాత్రం ఎల్లస్వామి. గుమ్మం పట్టుకొని అలాగే కిందికి జారాడు.

"నేను చెప్త సార్. ఇగ నాతోటి గాదు. గది మంగ్లి గాజు, వీని పెండ్లాం. డెబ్బై ఏడుల నొప్పులు పట్టి రెండు దినాలాయె. తాండకు ఏ బండీ లేదు. గూడ్సుకు నేనే ఎర్ర జెండా సూపి ఆపిన. రూల్ గాదు, ఎరికె. గార్డు డబ్బల పండవెట్టి, వీడు, మంగ్లి తమ్ముడు బీక్యా, నేను, వరంగల్ దవాఖానకు తోలుకపోతున్నం. గా కల్వర్టు కాడ డబ్బ ఎగిరిపడ్డది. మంగ్లి బోర్ల పడ్డది. ఇంటికన్నె దాటినంక పానం పోయింది. బిడ్డ గూడ లోపట్నే."

ధన్‌సింగ్ నేలకేసి చూస్తూ అన్నాడు. "గా కుదుపు నా డ్యూటీలది సార్. పట్టా ఆడ కుంగిందని నాకు ముందుగల్లనే ఎరికె. రేపు జేద్దమనుకున్న."

"అప్పటిసంది," ఎల్లస్వామి అందుకున్నాడు, "డ్యూటీ దిగినంక పొద్దుగూకేదాంక ఆడనే. రాళ్లు కొట్టుడు, ఒక్కడే కుక్కుడు. తొమ్మిదేండ్లు. నేను వద్దన్లె. ఎట్లంట?"

"రిజిస్టర్ల ఎందుకు రాయలే?" అడిగాను.

నా అమాయకత్వానికి ఆశ్చర్యపోయినట్టు చూశాడు. "డ్యూటీ దిగినంక చేసింది పని ఎట్లయితది సార్? హాజరు మస్టర్ల మనిషి ఉంటెనే పని రాస్తం. ఒక్కడు పట్టా కింద చెయ్యి పెట్టుడు తప్పు గూడ. రాస్తే వీని నౌకరి పోతుండె."

రామ్మోహన్ చేతిలో కాగితాల కట్ట జారి నేల మీద మడతలుగా పరుచుకుంది. ఒక మనిషి తొమ్మిదేళ్ల దుఃఖాన్ని అతని యంత్రం పట్టా గట్టితనంగా లెక్క వేసుకుంది. ఆ మనిషినే అక్కణ్ణుంచి తీసేయమని చెప్పింది.

"ఐతారం ఏమైంది మేస్త్రీ?"

ఎల్లస్వామి ఏడ్చాడు. అరవై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషి, అందరి ముందూ. "వీడు నా ఇంటికొచ్చిండు సార్. పూల్‌సింగ్ తరిమిండని చెప్పి, మేస్త్రీ, మూడు దినాల వానకు ఆడ మొత్తం కుంగింది, బండ్లు మెల్లగ పోవాలని బోర్డు పెట్టియ్యి అని కాళ్లు పట్టుకున్నడు. ఆ చోటు ముట్టొద్దని కాగితంల ఉన్నది. డిసెంబర్ల నా రిటైర్మెంటు. రేపు అడుగుదమనుకున్న."

రేపు. తొమ్మిదేళ్ల కింద ధన్‌సింగ్ అనుకున్న మాటే మొన్న ఎల్లస్వామీ అనుకున్నాడు. మంగ్లి కోసం బండి ఆపినవాణ్ణి పట్టించడం ఇష్టం లేక ధన్‌సింగ్ నాలుగు రోజులు దెబ్బలు తిన్నాడు.

జగపతి టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

బయట గంట మోగింది. మూడు ముప్పై ఐదు. ప్యాసింజరు ప్లాట్‌ఫారం మీదికి వస్తోంది. అంతా ముగిసిందని లేవబోతూ, ఎందుకో నేల మీది కాగితాలను చూశాను.

"రామ్మోహన్, అన్నిటికన్నా గట్టి చోటు ఇదన్నారు. దీని తర్వాతది ఏది?"

అతను మోకాళ్ల మీద కూర్చొని వెతికాడు. "నాలుగు వందల పద్దెనిమిది. ఇంటికన్నె అవతల, కాజీపేట వైపు. అక్కడ కూడా తొమ్మిదేళ్లుగా..." మాట మధ్యలోనే తెల్లబోయాడు.

ధన్‌సింగ్ లేచి నిలబడ్డాడు. "మంగ్లి పానం పోయింది ఆడనే సార్. గది బీక్యా డ్యూటీ, వాడు గూడ కీమ్యానే."

"బీక్యా యాడ?"

"గదే కాగితం మీద, గదే దినం, డోర్నకల్ అవతలికి ఏసిండ్రు" అన్నాడు ఎల్లస్వామి.

బయట గార్డు ఈల వేశాడు. ఇంజను కదిలిన శబ్దం. ఆరు పెట్టెల నిండా జనం. పదిహేను నిమిషాల్లో నాలుగు వందల పద్దెనిమిదో కిలోమీటరు.

ఎల్లస్వామి చంకలోని ఎర్ర జెండా లాక్కొని ధన్‌సింగ్ గుమ్మం దాటేశాడు. కానిస్టేబుల్ అరిచాడు. నేను కుంటుకుంటూ వెనక పడ్డాను. వాడు ప్లాట్‌ఫారం చివర పట్టాల మీదికి దూకి, కదులుతున్న ఇంజనుకు ఎదురుగా నిలబడ్డాడు. బేడీల చేతులతో జెండా విప్పుకోవడం లేదు. ఎర్ర గుడ్డ ముద్దలా ఉండిపోయింది. కానిస్టేబుల్ తుపాకి ఎత్తాడు.

"దించురా!" జగపతి కేక. నా పక్కనుంచి దూసుకుపోయి తనూ కిందికి దూకాడు. వాడి చేతిలోని జెండాకు ఒక కొస పట్టుకొని గుంజాడు. జెండా విచ్చుకుంది. ఇద్దరూ చెరో కొసా పట్టుకొని పట్టాల నడుమ నిలబడ్డారు.

ఇంజను వాళ్లకు పది అడుగుల దూరంలో ఆగింది.

* * *

నాలుగుంబావుకు ఇంటికన్నె నుంచి ఫోన్. నాలుగు వందల పద్దెనిమిది దగ్గర తొమ్మిది స్లీపర్ల కింద నీళ్లు తప్ప ఏమీ లేవు. పట్టా గాలిలో వేలాడుతోంది.

జగపతి బేడీలు విప్పి, ఆ తాళంచెవిని చాలాసేపు చేతిలోనే తిప్పుకుంటూ నిలబడ్డాడు. ధన్‌సింగ్ అడిగిన మాటా, పుస్తకంలోని అచ్చు సంగతీ నేను చెప్పాక, సత్యమ్మ ప్లాట్‌ఫారం మీది హోటల్లో కొడుకు ఫ్లాస్కు మూత నిండా చాయ పోయించుకొని వచ్చింది. నేల మీద కూర్చున్న ధన్‌సింగ్ ముందు తనూ కూర్చొని మూత చేతికిచ్చింది. వాడు తీసుకోలేదు.

"తాగు బిడ్డా" అంది. "నా కొడుకు తాగిండు. నువ్వు అడిగినవట కద. రెండు గుక్కలే మిగిలినయట. తాగే పోయిండు."

అప్పుడు ఏడ్చాడు ధన్‌సింగ్. ఆమె మూతను వాడి నోటి దగ్గర పట్టుకొని కూర్చుంది, తొణకకుండా.

స్టేషన్ మాస్టర్ గదిలో రామ్మోహన్ ఫోన్ దగ్గర కాగితం పరుచుకొని, గట్టి చోట్లుగా యంత్రం గీటు పెట్టిన మిగతా ఐదింటి నెంబర్లూ ఒక్కొక్క స్టేషన్‌కూ అరిచి చెబుతున్నాడు. ఆ ఐదు చోట్ల ఎవరు చేతులు పెట్టారో, ఏ బాధతో పెట్టారో ఆ కాగితంలో లేదు. నాలుగు స్టేషన్ల నుంచి జవాబు వచ్చింది. బండ్లు ఆపారు.

ఐదోది జనగామ దాటాక వచ్చే మలుపు. దానికి దగ్గరి స్టేషన్‌లో ఫోన్ మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు.